టంకశాల వీధిలో ఏనుగు

ఈ వీధిని తంగసాలై అంటారిక్కడ.
బంగారు బాట అని అర్థం చెప్పాడు మొన్న ఆటో అతను.
కాదయ్యా, టంకశాల, నాణేలు అచ్చొత్తిన చోటని
మూడు సిగ్నళ్ళ దాకా వాదించాను.
చిల్లర లేదని పది రూపాయలు ఉంచేసుకున్నాడు.

మేడ మీద గది నాది. కింద అప్పడాల కొట్టు.
ఎనిమిదింటికే ఇంగువ వాసన మెట్లెక్కి వస్తుంది.
బల్ల మీద బ్యాటరీ నీళ్ళ సీసా, పాత పళ్ళ బ్రష్షు,
పల్లావరం గుట్ట కింద కోసుకొచ్చిన సర్కారు తుమ్మ ముళ్ళు.
సూది గీరుతుంది, ముల్లు గీరదు.
నలభై ఏళ్ళలో నేర్చుకున్నది ఇంతే.

రాయపురంలో పోయిన ఓడ ఇంజనీరుగారి
బిస్కెట్ డబ్బాలోంచి వచ్చిందిది.
ఆయన కోడలు లెక్కపెట్టి ఇచ్చింది, నూట పన్నెండు:
వెండివి ఉంటే చెప్పండి, మిగతావి మీ ఇష్టం.

ఇది మిగతాది.
కంచు. రూపాయి బిళ్ళంత.
అంచు చుట్టూ రంపపు పళ్ళు,
ఎందుకు కోశారో చదువుకున్నవాళ్ళకీ తేలలేదట.
చెల్లని కాసుకి గీతలెక్కువ అనేది మా మేనత్త తిరువెంగళమ్మ.
నన్ను చూసే అనేది.

కంచుకు జబ్బు చేస్తుంది, తెలుసా?
లేతాకుపచ్చ పొడి, చంటిపిల్లల వీపు మీద చెమటకాయల్లా.
ముట్టుకుంటే రాలుతుంది,
ఊరుకుంటే లోపలికంటా తినేస్తుంది.
నాకు తెలిసిన మందు నీళ్ళు మార్చడం.
పదకొండు వారాలు మార్చాను.
వాన ముంచెత్తిన వారం, వీధంతా మోకాటి లోతు నీళ్ళు,
నాకు పనికొచ్చేది గ్లాసెడు లేదు.
సీసా నెత్తిన పెట్టుకుని పార్క్ టౌన్ నుంచి నడిచాను.

పన్నెండో వారం ఏనుగు తేలింది.
ముందు వీపు. నాలుగు రోజులకి ఒక చెవి.
ఎత్తిన తొండంలో దివిటీ.
బొరుసున ఏనుగు, బొమ్మవైపు కుర్రాడు,
తలచుట్టూ కిరణాలు, బుగ్గ ఇంకా పాలబుగ్గ.
ఆంటియోకస్, ఆ పేరుగల ఆరోవాడు.
పాలపళ్ళు ఊడకముందే కిరీటం పెట్టాడు ఒక సేనాని.
పెట్టినవాడే కొన్నేళ్ళకి ప్రాణం తీశాడు.
పొట్టలో రాయి ఉందని వైద్యులచేత కోయించాడట.
రాయి లేదని కూడా రాసి ఉంది.

ఏనుగు పైనా కిందా గ్రీకు అక్షరాలు,
కూడబలుక్కుని చదువుతాను:
రాజు ఆంటియోకస్ యొక్క.
ఇంకో రెండు బిరుదులు, కళ్ళెదుటి దేవుడని ఒకటి.
తర్వాత ఏమీ లేదు.
ఏది వాడిది? ఈ కాసా, ఏనుగా, ఊరా?
బడిలో పంతులు కొట్టేవారు
వాక్యం పూర్తి చెయ్యరా అని.

వెండి దాక్కుంది. దానికి కుండలున్నాయి, గోతులున్నాయి.
కంచు తిరిగింది.
చేపల గంపలోకి, ఉల్లిపాయల మూట కిందకి,
రేవులో కూలివాడి బుగ్గలోకి,
అక్కడినుంచి రొట్టెలమ్మే ఆవిడ కొంగులోకి.
ఈ కుర్రాడి ముక్కు అరిగింది కత్తికి కాదు,
బేరాలకి.

కొట్టువాళ్ళ పిల్ల హేతల్ వచ్చింది, ఆరేళ్ళు,
ముందు పళ్ళు రెండు లేవు.
భూతద్దం లాక్కుని చాలాసేపు చూసింది.
ఏనుగింట్లో కరెంటు పోయిందా?
పోయింది, అన్నాను.
దీనికేం వస్తుంది?
ఒక అప్పడం రావచ్చు.
కాసు పిడికిట్లో పెట్టుకుని దడదడా దిగిపోయింది,
అప్పడంతో ఎక్కొచ్చింది, వేయించినదే,
ఒక మూల కొరికేసి.
కాసు మాత్రం తిరిగివ్వలేదు.
కొన్నాక ఎవరిస్తారు?

కోడలు ఫోన్ చేసింది, వెండి తగిలిందా అని.
లేదమ్మా, అన్నాను నోట్లో అప్పడంతో.

నీళ్ళు మార్చాలి.
చేతి చెమట తగిలితే మళ్ళీ పూస్తుంది ఆ పచ్చ.
తెలుసు.
కింద వాళ్ళమ్మ పిలుస్తోంది, పిల్ల పలకదు,
మెట్ల మీద కూచుని
తన గుప్పిట్లోకి తనే తొంగి చూస్తోంది.